పది నిమిషాల ఆత్మకూర్

ఆత్మకూర్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో ఎంతసేపు పడుతుంది? ఊళ్ల మధ్య దూరాలు లెక్కగట్టే ఏ కంప్యూటర్ లెక్కనైనా అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతుంది. నేరుగా గీత గీస్తే సుమారు 140 కిలోమీటర్లు, గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పది నిమిషాల పైచిలుకు. కాస్త లోకం తెలిసిన లెక్కయితే ఎగరడానికీ దిగడానికీ మరో అరగంట కలుపుతుంది. విమానం ఎక్కడ ఎక్కాలో మాత్రం ఏదీ చెప్పదు. వనపర్తి జిల్లాలోని ఆ పట్టణంలో రన్‌వే లేదు. ఆ మాటకొస్తే రైల్వేస్టేషనూ లేదు. ఉన్నది బస్టాండు.

ఆ లెక్క పట్టుకున్నది ఈ ఆత్మకూర్‌నేనా అన్నదీ అనుమానమే. నెల్లూరు వైపు ఒక ఆత్మకూరు ఉంది. శ్రీశైలం దారిలో, నల్లమల అంచున నంద్యాల జిల్లాలో మరొకటి ఉంది. పాత నల్లగొండ జిల్లాలోనే రెండున్నాయి. వాటిని వేరుపరచడానికి సర్కారు కాగితాల్లో ఒకదాని పక్కన ‘ఎస్’ అనీ, ఇంకొకదాని పక్కన ‘ఎం’ అనీ రాస్తారు. ఇవి కాక వరంగల్ వైపూ అనంతపురం వైపూ ఉన్నాయి. పొరపాటున నెల్లూరు ఆత్మకూరు మీద వేలు పడితే పది నిమిషాల విమానం కాస్తా అరగంట విమానమైపోతుంది. ఇక్కడ చెప్పుకునేది కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, గద్వాలకు ఎదురుగా ఉన్న ఆత్మకూర్ గురించి. ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధాని, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊరు.

ఆ లెక్కలో గొప్ప కిటుకేమీ లేదు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుంటారు, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల బంతి అనుకుంటారు, ఆ బంతి మీద రెండు చుక్కలనూ కలిపే అతి చిన్న వంపుగీత పొడవు కడతారు. దారిలో కొండ ఉందా, నది ఉందా, వంతెన ఉందా అన్నదాంతో పని లేదు. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ వైపు మెట్ట నేలల మీద మాత్రం దూరం అన్న మాటకు ఎన్నడూ అంత సులువైన అర్థం లేదు.

ఇక్కడి పాత కొలతలన్నీ మనిషి ఒంట్లోంచి పుట్టినవే. గొంతెత్తి పిలిస్తే వినపడేంత దూరం కూతవేటు. రెండు మైళ్లకు కాస్త అటూ ఇటూగా ఉండేది కోసు. ఆ కోసు కూడా ఇలాకాకొక తీరు, ఒక చోటి కోసు ఇంకో చోట చెల్లేది కాదు. ఎనిమిది పది మైళ్లయితే ఆమడ. అంతకు మించితే దూరాన్ని పొద్దుతో చెప్పేవాళ్లు. సద్ది తిని బయల్దేరితే పొద్దు గూకేవరకు చేరతామంటే, వినేవాడికి దూరమూ దారీ రెండూ తెలిసిపోయేవి. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఆ పాత లెక్కన ఆత్మకూర్–హైదరాబాద్ విమానానికి అర గడియ కూడా పట్టదు.

ప్రయాణం సాగే తీరుకు అసలు కొలత మజిలీ. ఎద్దులు, బోయీలు, వంటవాళ్లు, వెంట వచ్చే బలగం, అందరికీ నీళ్లూ నీడా దొరికే చోటే మజిలీ. రెండు ఊళ్ల మధ్య ఎన్ని మైళ్లో తెలియకపోయినా ఎన్ని మజిలీలో తెలిస్తే సంసారి ప్రయాణం కట్టేవాడు. మధిర సుబ్బన్న దీక్షితులు తన కథల సంపుటాలకు ‘కాశీమజిలీ కథలు’ అని పేరు పెట్టినప్పుడు, ఆ మాటకు అర్థం విప్పి చెప్పాల్సిన అవసరం ఏ పాఠకుడికీ రాలేదు.

ఈ మెట్టల మీదుగా సాగిన ఒక ప్రయాణానికి మాత్రం మంచి లిఖిత సాక్ష్యం ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. పల్లకీ, బోయీలు, పెద్ద పరివారం. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పైచిలుకు. దారిలో చూసిందల్లా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చాడు. అదే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. శ్రీశైలానికి ఆయన ఎక్కింది నల్లమల అంచున ఉన్న ఆ ఇంకో ఆత్మకూరు మీదుగా. కృష్ణ దాటి పానగల్లు, వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాద్ చేరాడు. అంటే మన ఆత్మకూర్‌ను పడమట వదిలేసి పోయాడన్నమాట. ఆయన పుస్తకంలో దూరాలు ఎక్కువగా ఆమడల్లో ఉంటాయి. దారిలో ఇసుక ఉందా, రాళ్లున్నాయా, ఊళ్లో సరుకులు దొరుకుతాయా, బావి నీళ్లు బాగుంటాయా అన్న వివరాలు ఆ ఆమడల వెంటే నడుస్తాయి. బోయీలు రోజుకు రెండామడలు మోస్తే బాగా మోసినట్టే. ఆ లెక్కన ఆత్మకూర్ నుంచి హైదరాబాద్‌కు ఐదారు రోజులు, అదీ వాగులు పొంగకపోతే.

ఆ 1830కే ఇంకో విశేషం ఉంది. భూమి ఆకారాన్ని లెక్కగట్టి జార్జ్ ఎవరెస్ట్ ప్రకటించిన కొలతలు సర్వే లోకంలో ఇప్పటికీ ‘ఎవరెస్ట్ 1830’ అనే పేరుతోనే ఉన్నాయి. భారతదేశపు పటాలు చాలాకాలం ఆ కొలతల మీదే గీశారు. దేశానికి నేరు దూరాలను నేర్పిన ఆ పని మొదలైంది విలియం లాంబ్టన్‌తో. 78వ రేఖాంశాన్ని ఆనుకుని దక్షిణ కొస నుంచి ఉత్తరానికి ఆయన ఒక పొడవాటి కొలత గీత తీసుకుపోయాడు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర నేల మీద ఆధార రేఖలు కొలిచాడు. ఆ రెండింటికీ మధ్య ఉన్నవే కర్నూలు, పాలమూరు మెట్టలు. ఆత్మకూర్ రేఖాంశం 77.8 డిగ్రీలు, వనపర్తిది 78కి కాస్త పైన. ఆ మహా గీత ఈ ఊళ్ల పక్కనుంచే పోయింది.

కొలిచే పద్ధతి ఇదీ. చదునైన నేల మీద కొన్ని మైళ్ల పొడవున గొలుసుతో ఒక గీతను వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తారు. ఆ రెండు కొసల నుంచి దూరాన కనిపించే ఒక కొండ కొమ్ము వైపు చూసి కోణాలు తీస్తారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలిసినట్టే. ఇక నేల మీద గొలుసు పరవాల్సిన పని లేదు, త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ పోవచ్చు. కోణాలు తీసే లాంబ్టన్ థియొడొలైట్ అర టన్నుకు పైగా బరువుండేది. దాన్ని కొండల మీదికి, గుడి గోపురాల మీదికి మనుషులే ఎక్కించారు. నిజాం ఇలాకాలో కృష్ణా గోదావరుల మధ్య దేశం కొలిచే పని కుర్ర ఎవరెస్ట్‌కు అప్పగిస్తే, 1819లో ఆయనకూ ఆయన బలగానికీ జ్వరం తగిలి పని మూలపడింది. లాంబ్టన్ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో, పని మధ్యలోనే కన్నుమూశాడు. ఇవాళ కంప్యూటర్ రెప్పపాటులో చెప్పే 140 కిలోమీటర్ల వెనక అంత చాకిరీ ఉంది.

నేరు దూరం ఎంత అబద్ధమాడగలదో చూడాలంటే ఆత్మకూర్ నుంచి హైదరాబాద్ వైపు కాదు, గద్వాల వైపు చూడాలి. పటం మీద ఆ రెండు ఊళ్ల మధ్య పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదేమో అనిపిస్తుంది. ఆమడలో చిల్లర. కానీ మధ్యలో కృష్ణ. ఎండాకాలంలో నడిచి దాటే చోట్లు ఉండేవి. నీళ్లున్నప్పుడు వెదురు అల్లిన గుండ్రటి పుట్టి ఎక్కాల్సిందే. తిరిగే బుట్టలాంటి ఆ పుట్టి నేరుగా పోదు, ప్రవాహం లాక్కుపోయినంత దూరం పోయి అవతలి ఒడ్డున ఎక్కడో తేలుతుంది. నది నిండుగా వస్తే అదీ లేదు. వంతెన కావాలంటే బీచుపల్లి దాకా చుట్టి రావాలి. ఎదురుగా ఉన్న ఊరికి అరవై కిలోమీటర్లకు తక్కువ కాని ప్రయాణం.

1981లో శంకుస్థాపన జరిగిన జూరాల ప్రాజెక్టు ఈ లెక్కను మార్చేసింది. కట్టింది నీళ్ల కోసమే అయినా, ఆనకట్ట మీది రోడ్డు రెండు ఒడ్లనూ కలిపింది. గద్వాలకు దూరం పాతిక ముప్పై కిలోమీటర్లకు దిగింది. పెళ్లి సంబంధాలు, పశువుల సంతలు, చీరల బేరాలు ఆ కట్ట మీదుగానే సాగుతున్నాయి. నది మాత్రం తన హక్కు పూర్తిగా వదులుకోలేదు. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా తుంగభద్రలు కలిసి విరుచుకుపడి కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు జాతీయ రహదారి మీద రాకపోకలే ఆగిపోయాయి. ఆ రోజుల్లో హైదరాబాద్–కర్నూలు దూరం ఎన్ని కిలోమీటర్లు అని అడిగినవాళ్లు లేరు, దారి తెరిచారా అని అడిగారు.

సంస్థానం రోజుల్లో ఆత్మకూర్ చిన్న రాజధానే అయినా అక్కడికి రాకపోకలు చిన్నవి కావు. సన్నటి ధోవతులకు, పట్టూ జరీ అంచుల తలపాగాలకు ఆ ఊరికి పేరుంది. సరుకు బండ్ల మీద పట్నం పోయేది. పాలమూరులో నేటికీ ‘పట్నం’ అంటే హైదరాబాదే, వేరే పేరు చెప్పనక్కర్లేదు. రాజులు నిజాముకు పేష్కషు కట్టేవాళ్లు, ఆ డబ్బుకూ అదే దారి. ఎదురుగా కవిపండితులు వచ్చేవాళ్లు. గద్వాల, వనపర్తి, ఆత్మకూర్ సంస్థానాలు వాళ్లకు ఒకే చుట్టులో కలిసొచ్చే మజిలీలు.

ఆ కాలపు దూరం ఒకటి ఇప్పటికీ అలాగే ఉంది. కార్తీక మాసంలో కురుమూర్తి జాతరప్పుడు స్వామివారి నగలు ఆత్మకూర్‌లోని బ్యాంకు లాకర్ నుంచే బయటికి వస్తాయి. అక్కడి నుంచి అమ్మాపూర్‌లోని రాజుల ఇంటికి, పూజలయ్యాక ఊరేగింపుగా కురుమూర్తి కొండకు. స్వామి పాదుకలైన ఉద్దాలు వడ్డెమాన్ నుంచి వస్తాయి. డప్పులు, జనం, దారిలో ఆగిన ప్రతి చోటా కొబ్బరికాయలు. గంటలో చేరగలిగే దూరానికి పగలంతా పట్టినా ఎవరూ గడియారం చూసుకోరు.

రైలు సంగతి వింతగా మొదలైంది. బొంబాయి–మద్రాసు రైలు మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. అప్పట్లో ఆత్మకూర్ మనిషి రైల్లో పట్నం పోవాలనుకుంటే ముందు పడమటికి, రాయచూరు వైపు యాభై కిలోమీటర్లు బండి కట్టుకుని పోవాలి. అక్కడి నుంచి ఉత్తరాన వాడికి నూరు కిలోమీటర్లు, మళ్లీ తూర్పుకు తిరిగి సికింద్రాబాద్‌కు దాదాపు 190. ఈశాన్యాన 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి, దానికి రెండింతలకు పైగా తిరిగి చేరడం! అయినా ఐదారు రోజుల ప్రయాణం రెండు రోజుల్లో తేలిపోయేది. దూరం పెరిగితే సమయం తగ్గడమనే విడ్డూరాన్ని ఈ ప్రాంతం మొదటిసారి చూసింది అప్పుడే.

తర్వాతి శతాబ్దం తొలి దశాబ్దాల్లో సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు మీటర్‌గేజ్ దారి పడింది. అది ఆత్మకూర్‌ను తాకలేదు, కాస్త తూర్పుగా తప్పుకుని పోయింది. దేవరకద్ర, కురుమూర్తి, వనపర్తి రోడ్డు అని స్టేషన్లు వెలిశాయి. రైల్వేవాళ్లు ఊరి పేరు పక్కన ‘రోడ్డు’ అని రాశారంటే ఊరు ఇక్కడ లేదు, దిగి ఇంకా పోవాలి అని అర్థం. ఎవరు పెట్టిన ఆనవాయితీయో గానీ నిజాయితీ గలది, దూరాల లెక్కలు చెప్పే యంత్రాలు నేర్చుకోవలసింది.

1932లో రెండు సంగతులు జరిగాయి. జూన్‌లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి అదే మూలం. అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ అనే చిన్న విమానంలో ఉత్తరాల సంచీలు వేసుకుని కరాచీ నుంచి బొంబాయి ఎగిరాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ సంచీలను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. రాత్రి మజిలీ బళ్లారిలో. అవును, విమానానికీ మజిలీ తప్పలేదు. అహ్మదాబాద్‌లో ఆ విమానానికి పెట్రోలు డబ్బాలు వచ్చింది ఎద్దుల బండి మీద. వీరాస్వామయ్య చూసి ఉంటే ఆ ఒక్క వివరం ఆయనకు బాగా అర్థమై ఉండేది.

హైదరాబాద్ రాజ్యానికి సొంత విమాన సంస్థ రావడానికి మరో పుష్కరం పట్టింది. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించారు. బేగంపేట కేంద్రం. యుద్ధంలో వాడి మిగిలిన డకోటాలు దాని విమానాలు, గంటకు 250 కిలోమీటర్లు పోతే అదే వేగం. మద్రాసుకు నేరు దూరం 520 కిలోమీటర్లు, రెండు గంటల పైమాట. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు, ఆడవాళ్లు విమానం నడపడమేమిటని ఇతర సంస్థలు తలుపులు మూసినప్పుడు ఉద్యోగమిచ్చింది ఈ సంస్థే. 1948లో భారత ప్రభుత్వ దిగ్బంధంతో నేల దారులు మూసుకుపోతే, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి రాత్రిపూట ఎగిరొచ్చి నిజాముకు ఆయుధాలు దించాడు. సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలవడంతో అదీ ముగిసింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాలూ వాటితోపాటే పోయాయి. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇదంతా పాలమూరు జనం తలల మీదుగా జరిగిన చరిత్ర. వాళ్ల దూరాలు వేరు. గుంపు మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన డబ్బుతో మొదలై, ఏ ఆనకట్ట దగ్గరో, బొంబాయిలో ఏ కట్టడం దగ్గరో తేలే దూరాలు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉంటుందన్న పేరు ఊరికే రాలేదు. బొంబాయి ఎన్ని గంటల ప్రయాణమో వాళ్లు చెప్పేవాళ్లు కాదు, ఎన్ని నెలలో చెప్పేవాళ్లు. పోవడం దీపావళి తర్వాత, రావడం తొలకరికి.

2008 మార్చి 23న బేగంపేట మూసేసి విమానాలన్నీ శంషాబాద్‌కు మళ్లించినప్పుడు, నగరం ఉత్తరాన ఉన్నవాళ్లు దూరమైందని వాపోయారు. దక్షిణాన పాలమూరుకు అది కలిసొచ్చింది. కర్నూలు నుంచి వచ్చే పాత దారి మీదే శంషాబాద్ ఉంది. కొత్తకోట దగ్గర జాతీయ రహదారి ఎక్కితే నగరంలోకి పోకుండానే విమానాశ్రయం. అయినా లెక్క వేసి చూడండి. ఢిల్లీకి విమానం రెండు గంటల పది నిమిషాలు. ఆత్మకూర్ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద రెండున్నర, మూడు గంటలు. బస్సు మారితే ఇంకో గంట. విమానానికి రెండు గంటల ముందు చేరాలి. దిగాక సామాన్ల కోసం అరగంట. రెండు గంటల ప్రయాణానికి పగలంతా సరి.

ఇంకో తిరకాసుంది. నేరు గీత గీస్తే ఆత్మకూర్‌కు దగ్గరి విమానాశ్రయం శంషాబాద్ కాదు, 2021 మార్చిలో మొదలైన కర్నూలు దగ్గరి ఓర్వకల్లు. అది ఎనభై కిలోమీటర్లు, ఇది నూట ఇరవై. కానీ ఓర్వకల్లు నుంచి ఎగిరే విమానాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఆత్మకూర్ మనిషి దగ్గరున్నదాన్ని వదిలి దూరపుదానికే పోతాడు.

నేరు దూరం గాలిలో గీత మాత్రమే అనుకుంటే పొరపాటు. అది ఒప్పంద పత్రాల్లోకీ ఎక్కింది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన ఒప్పందం ప్రకారం, అది తెరిచిన నాటి నుంచి ఇరవై ఐదేళ్లు, 150 కిలోమీటర్ల గగన దూరంలో మరో కొత్త విమానాశ్రయం రాకూడదు. రోడ్డు దూరం కాదు, గగన దూరం. వరంగల్ పక్కన నిజాం కాలపు మామునూరు ఆ వలయంలోనే చిక్కుకుంది. నిర్వాహక సంస్థ అభ్యంతరం లేదన్నాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం దానికి అనుమతి ఇచ్చింది. ఓర్వకల్లు వలయానికి అవతల పడింది. ఆత్మకూర్ లోపలే ఉంది. ఆత్మకూర్‌కు పొరుగున, రైలు దారి మీది దేవరకద్ర కూడా లోపలే. శంషాబాద్ నుంచి అది తొంభై కిలోమీటర్ల పైచిలుకు.

ఆ దేవరకద్ర పేరు ఎందుకంటే, రాష్ట్ర ప్రభుత్వం విమానాశ్రయాల కోసం ప్రతిపాదించిన ఆరు చోట్లలో అదొకటి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అధ్యయనం కూడా చేసింది. అంటే లాంబ్టన్ బలగం పోయిన రెండు వందల ఏళ్లకు, అవే మెట్టల మీద మళ్లీ కొలతలు. ఈసారి చూపు మాత్రం తలకిందులు. లాంబ్టన్ మనుషులు ప్రతి మజిలీలోనూ వెతికింది ఎత్తయిన గుట్ట కోసం, దూరపు జెండా కనపడాలని. రన్‌వేకు చోటు వెతికేవాళ్లు చుట్టూ ఎన్ని గుట్టలున్నాయో, ఏది ఎంత ఎత్తో, విమానం దిగే దారికి ఏది అడ్డమో రాసుకుంటారు.